గుండె ముందువైపు లింఫ్ నాళాలు: సిర నుంచి పాకినవా, అక్కడే పుట్టినవా?

కన్ఫోకల్_కష్టాలు
మౌస్ పిండం, ఇ14.5 (గర్భం మొదలై పద్నాలుగున్నర రోజులు). టై2-క్రీ, టీడీ-టొమాటో రిపోర్టర్: రక్తనాళాల గోడ కణాల జన్యువు టై2 ఎప్పుడైనా వెలిగిన కణంలో క్రీ అనే కత్తెర ఎర్ర టొమాటో గుర్తును తెరుస్తుంది, దాని సంతానమంతా ఎర్రగానే ఉంటుంది. గుండెను సెక్షన్లు కోయకుండా మొత్తంగా స్టెయిన్ చేశాను. వెనకవైపు సైనస్ వీనోసస్ (సిరలు గుండెలో కలిసే చోటు) దగ్గర నుంచి పాకుతున్న లింఫ్ నాళాలు దాదాపు అన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. ముందువైపు, పుపుస ధమని మొదట్లో మాత్రం వీఈజీఎఫ్‌ఆర్3 అనే గ్రాహకం (లింఫ్ కణాల గుర్తు) ఉన్న కణాలు చిన్నచిన్న గుంపులుగా, ఏ నాళానికీ అంటుకోకుండా ఉన్నాయి. వాటిలో సగానికి పైగా టొమాటో లేదు.

పుస్తకాల్లో ఏముంది? ఇ9.5 ప్రాంతంలో కార్డినల్ సిర (పిండంలో పెద్ద సిర) గోడలో ప్రాక్స్1 (కణాన్ని లింఫ్ కణంగా మార్చే ప్రొటీన్) మొదలవుతుంది, ఆ కణాలు బయటికి మొలకెత్తి లింఫ్ తిత్తులు కడతాయి, అక్కడి నుంచి ఒళ్లంతా పాకుతాయి. అదే నిజమైతే ఈ గుంపులు కూడా టై2 గుర్తు మోయాలిగా? గైడ్ గారేమో "స్టెయినింగ్ చెడింది, మళ్లీ చెయ్" అంటున్నారు. చెడితే వెనకవైపు కూడా చెడాలి కదా? ఎలా తేల్చాలో చెప్పండి.

పిండం_పెద్దన్న
ఒకే గుండెలో వెనకవైపు బాగుండి ముందువైపు తేడా వచ్చిందంటే స్టెయినింగ్‌ను తిట్టే ముందు ఒకసారి ఆగాలి. 2015లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పాల్ రైలీ బృందం నేచర్‌లో వేసిన పేపర్ చెప్పింది ఇదే: గుండె లింఫ్ నాళాల్లో ఎక్కువ భాగం సిర సంతానం, కానీ అన్నీ కాదు. టై2 గుర్తు లేని కణాలు చెప్పుకోదగ్గ సంఖ్యలోనే ఉన్నాయి.

కాలక్రమం కూడా నీ పిండానికి సరిపోతోంది. ఇ12.5లో అవుట్‌ఫ్లో ట్రాక్ట్ (గుండె నుంచి పెద్ద ధమనులు బయలుదేరే చోటు) చుట్టుపక్కల మొదటి కణాలు, ఇ14.5కి ముందు ఒకటి వెనక ఒకటి రెండు మొలకలు, ఆ తర్వాత కొమ్మలు వేస్తూ కొనవైపు దిగడం, ఇ18.5కి జఠరికల ఉపరితలం చాలావరకు కప్పేయడం. పని అక్కడితో అయిపోదు. పుట్టాక ఇంకో రెండు వారాల దాకా ఈ వల సర్దుకుంటూనే ఉంటుంది.

సిరవాది
ఆగండాగండి. టొమాటో లేదంటే "క్రీ ఆ రిపోర్టర్‌ను కత్తిరించలేదు" అని అర్థం. "సిర నుంచి రాలేదు" అని కాదు. రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ముందు అదే గుండెలో కరోనరీ రక్తనాళాల ఎండోథీలియంలో (లోపలి పొరలో) నూటికి ఎన్ని కణాలు ఎర్రగా ఉన్నాయో లెక్కపెట్టు. అక్కడ 98 ఉండి లింఫ్ గుంపుల్లో 45 ఉంటే మాట్లాడుకుందాం. అక్కడే 80 ఉంటే నీ గైడ్ చెప్పింది సగం నిజం.

క్రీ_లాక్స్_కృష్ణ
దానికి ఇంకొకటి చేర్చండి. టై2 ఉన్నంత మాత్రాన సిర అయిపోదు. టై2-క్రీ రక్తనాళాల ఎండోథీలియం మొత్తాన్నీ పట్టుకుంటుంది, ఎండోకార్డియంను (గుండె గదుల లోపలి పొర) పట్టుకుంటుంది, అక్కడి నుంచి కవాటాల దిండ్లలోకి దిగిన మీసెంకైమ్‌ను (వదులుగా ఉండే పిండ కణజాలం) పట్టుకుంటుంది, రక్తకణాలనూ పట్టుకుంటుంది. పచ్చబొట్టు చూసి ఊరు చెప్పలేం.

మార్కర్_మాస్టారు
మూలం గొడవ తర్వాత. అసలు ఆ గుంపులు లింఫ్ కణాలేనా? గుండెలో ఈ ప్రశ్న చర్మంలో కంటే చాలా కష్టం. ఒక్కో మార్కర్ (కణం ఏ రకమో తెలిపే గుర్తు ప్రొటీన్) ఒక్కో రకంగా మోసం చేస్తుంది.

ప్రాక్స్1: చర్మంలో ఇది కనిపిస్తే కళ్లు మూసుకుని లింఫ్ అనొచ్చు. గుండెలో కుదరదు. గుండె కండర కణాల కేంద్రకాల్లోనూ ప్రాక్స్1 ఉంటుంది, కండర తంతువుల అమరికకు అది కావాలి. కవాటాల ఎండోథీలియంలోనూ ఉంటుంది. పుపుస ధమని మొదట్లో కింద కవాటం, పక్కన కండరం. ప్రాక్స్1 ఒక్కటే చూసి లెక్కపెడితే అన్నీ కలిసిపోతాయి.

లైవ్1: ఎపికార్డియం (గుండె బయటి పొర) కింద తిరిగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌ల మీద కూడా ఉంటుంది. అవి ఒంటరిగా, పొట్టి కాళ్లు చాపుకుని ఉంటాయి. రెండు మూడు పక్కపక్కన చేరితే అచ్చం "విడిపోయిన లింఫ్ గుంపు"లాగే కనిపిస్తాయి.

పోడోప్లానిన్: ఎపికార్డియం, పెరికార్డియం మొత్తం దీంతో వెలుగుతాయి. మొత్తం గుండెను పైనుంచి చూసేటప్పుడు దీని వల్ల ఉపయోగం తక్కువ.

వీఈజీఎఫ్‌ఆర్3: తొలి దశల్లో రక్తనాళాల మీద కూడా ఉంటుంది, తర్వాత లింఫ్‌కు పరిమితమవుతుంది. ఇ14.5 సరిగ్గా ఆ మధ్యకాలం. పైగా నువ్వు చూస్తున్న చోటే పెరిట్రంకల్ ప్లెక్సస్ ఉంటుంది, అంటే బృహద్ధమని, పుపుస ధమనుల మొదళ్లను చుట్టుకునే రక్త కేశనాళికల వల. కరోనరీ ధమని బృహద్ధమనికి కలిసేది దాని ద్వారానే, ఇ13.5 ప్రాంతంలో.

అందుకని ఒకే కణంలో మూడూ చూడాలి: కేంద్రకంలో ప్రాక్స్1, పొరమీద గట్టిగా వీఈజీఎఫ్‌ఆర్3, ఎండోమ్యూసిన్ (సిరలు, కేశనాళికల గుర్తు) లేకపోవడమో బాగా తక్కువగా ఉండడమో. ఈ మూడూ కలిస్తేనే లింఫ్ అని రాసుకో.

గాడిద_సీరం
మాస్టారి మూడు మార్కర్లలో ఒక గోతి ఉంది. అందరూ వాడే వీఈజీఎఫ్‌ఆర్3 యాంటీబాడీ మేకలో తయారైంది. బాగా పేరున్న ప్రాక్స్1 యాంటీబాడీ ఒకటి, అదీ మేకదే. రెండూ కలిపి వేస్తే సెకండరీకి (మొదటి యాంటీబాడీని పట్టుకుని వెలిగే రెండో యాంటీబాడీకి) తేడా తెలీదు, రెండు చానెళ్లలోనూ ఒకే బొమ్మ వస్తుంది. "అబ్బ, ఎంత చక్కగా కలిశాయో" అని మురిసిపోతాం.

కుందేలులో చేసిన ప్రాక్స్1 తెచ్చుకోవాలి. ఎండోమ్యూసిన్ ర్యాట్‌ది. సెకండరీలన్నీ గాడిదవి. ర్యాట్ మీదికి వెళ్లే సెకండరీ మాత్రం మౌస్ ప్రొటీన్లు తీసేసినదై ఉండాలి, లేకపోతే మౌస్ కణజాలమంతా పొగమంచే.

కష్టాలు బాబూ, బ్లాకింగ్ (యాంటీబాడీలు ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా వేసే పూత) దేంతో చేశావు? మేక సీరంతో అయితే సెకండరీ దానికే అంటుకుంటుంది, నీ గుంపుల గురించి ఇంక మాట్లాడక్కర్లేదు.

కన్ఫోకల్_కష్టాలు
గాడిద సీరమే, 10 శాతం, ఒక శాతం బీఎస్ఏతో. మీ పేరు చూసి కాదు, ముందు నుంచీ అదే. ట్రైటాన్ 0.5 శాతం. ప్రైమరీ 4 డిగ్రీల దగ్గర రెండు రాత్రులు.

గాడిద_సీరం
సంతోషం. జాతి గౌరవం నిలిపావు.

కత్తి_కాంతం
స్టెయినింగ్ కన్నా ముందు కోతలోనే సగం మంది ఈ ప్రయోగం పోగొట్టుకుంటారు. ఇ14.5 గుండె సుమారు రెండు మిల్లీమీటర్లు. అలవాటు కొద్దీ పెద్ద నాళాలను జఠరికల దగ్గరగా కత్తిరించేస్తారు. అప్పుడు పుపుస ధమని మొదలు పళ్లెంలో ఉండిపోతుంది, గుండె మాత్రం ట్యూబులోకి వెళ్తుంది. చూడాల్సిన చోటే పోయాక కన్ఫోకల్ మైక్రోస్కోపు ముందు కూర్చుని ఏం లాభం?

బృహద్ధమని వంపుతో సహా తియ్యాలి. థైమస్ రెండు తమ్మెలనూ పట్టకారుతో పైకెత్తి అప్పుడు విడదియ్యాలి, లాగితే అవుట్‌ఫ్లో మీది మెత్తని కణజాలం వాటితో పాటే ఊడొస్తుంది. ఊపిరితిత్తులను వెనకనుంచి కత్తిరించాలి. పెరికార్డియం సంచిని ముందువైపు మధ్యలో చీల్చి పక్కలకు ఒలవాలి. నాళాల మొదట్లో అతుక్కున్న అంచు వదిలెయ్యాలి, పీకొద్దు.

రక్తం గడ్డకట్టకముందే చల్లని ఉప్పు ద్రావణం పీబీఎస్‌లో కర్ణికలను మెల్లగా నొక్కి ఖాళీ చెయ్యాలి. ఎర్ర రక్తకణాలు ఆకుపచ్చ చానెల్లో వాటంతటవే వెలుగుతాయి, లోపల ఉన్న గడ్డ బయటి నాళంలా భ్రమ పెడుతుంది. 4 శాతం పీఎఫ్ఏ (కణజాలం చెడకుండా బిగించే రసాయనం), 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి, అంతకు మించొద్దు. తర్వాత కడిగేటప్పుడు ఒక్కోసారి కనీసం అరగంట, అయిదారు సార్లు. సెకండరీ తర్వాత కడగడానికి తొందరపడితే ఎపికార్డియం మీద చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది. ఆ చుక్కలనూ లింఫ్ గుంపులు అన్నవాళ్లున్నారు.

లెక్కల_లలిత
వయసు కూడా సరిచూసుకోండి. ప్లగ్ (జతకట్టిన ఆనవాలు) కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5 అనుకున్నా, ఒకే తల్లి కడుపులోని పిల్లల మధ్య సగం రోజు తేడా ఉంటుంది. ముందు కాళ్ల వేళ్లు చూడండి. వేళ్ల మధ్య గాట్లు మాత్రమే పడితే ఇ13.5, కొసలు విడిపోయి ఉంటే 14 దాటినట్టు. ఈ సగం రోజులో ముందువైపు గుంపులు నాళానికి కలిసిపోవచ్చు. వయసు సరిచూడకుండా "విడిగా ఉన్నాయి", "కలిసి ఉన్నాయి" అని వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు ఉంటుంది.

రెండో_క్షేత్రం
కష్టాలూ, నీ గుంపులున్న చోటు గురించి నేరుగా ఒక పని ఉంది. 2020లో మాడ్రిడ్ నుంచి మిగెల్ టోరెస్ బృందం డెవలప్‌మెంటల్ సెల్‌లో ప్రచురించింది. పుపుస ధమని మొదట్లో, ధమనిని కప్పే మీసోథీలియం (పలుచని పై పొర), దాని కింది కణాలు కలిసి నాళాలు పుట్టే ఒక గూడు కడతాయని, అందులోకి సెకండ్ హార్ట్ ఫీల్డ్ (రెండో క్షేత్రం, గుండెకు తర్వాత కణాలు చేర్చే పిండ భాగం) నుంచి కణాలు వస్తాయని చూపించారు. మీసోథీలియం కింద ఉన్న కణాలే లింఫ్ ఎండోథీలియంగా మారి ముందువైపు నాళాలకు చేరతాయి. అక్కడి రెటినోయిక్ ఆమ్లం సంకేతానికి కూడా ఇందులో పాత్ర ఉంది.

అంతకుముందు ఏడాది జపాన్ నుంచి మరుయామా బృందం ఐఎస్ఎల్1 (రెండో క్షేత్రపు గుర్తు జన్యువు) కణ వంశం, అంటే లినియేజ్‌తో ఇదే వైపు వేలు చూపించింది: సిరతో సంబంధం లేని ఐఎస్ఎల్1 కణాలు ముందువైపు లింఫ్ నాళాల్లో ఉన్నాయి, వెనకవైపు పెద్దగా లేవు. నీ బొమ్మ కూడా అదే కదా? ముందు టై2 లేదు, వెనక ఉంది.

సిరవాది
ఐఎస్ఎల్1-క్రీ ఒంట్లో సగం చోట్ల పడుతుంది, దాన్ని పట్టుకుని ఏం తేలుస్తారు? సరే, ఆ కణాలు రెండో క్షేత్రం నుంచే వచ్చాయి అనుకుందాం. అవి మధ్యలో ఏదో ఒక సిర గోడలో చేరి, ఎండోథీలియంగా మారి, మళ్లీ బయటికి రాలేదని ఎవరు చూశారు? 2019లో స్టోన్, స్టైనియర్ ఏం చెప్పారు? ఒంట్లో లింఫ్ ఎండోథీలియంలో ఎక్కువ భాగం పారాక్సియల్ మీసోడెర్మ్ (వెన్ను పక్కల ఉండే పిండ పొర) సంతానమని. అంటే కార్డినల్ సిరకు కూడా ముందు ఒక అమ్మమ్మ ఊరుంది. అంత మాత్రాన సిర గుండా రాలేదని కాదుగా.

పిండం_పెద్దన్న
అన్నా, నువ్వు వాదిస్తున్నావనుకుంటూనే సగం గొడవ తీర్చేశావు. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఏ మీసోడెర్మ్ సంతానం అన్నది ఒకటి. లింఫ్ కణంగా మారకముందు చివరిగా ఏ కణంగా ఉంది, సిర ఎండోథీలియంగానా లేక నేరుగా మీసెంకైమ్‌లోనా అన్నది ఇంకొకటి. పాక్స్3, ఐఎస్ఎల్1, ఎంఈఎఫ్2సీ అనే జన్యువులతో నడిచే క్రీలు మొదటిదానికి జవాబిస్తాయి. టై2 రెండోదానికి, అదీ వంకరగా. ఒక కణం రెండో క్షేత్రపు సంతానమై ఉండి, సిర గుండా కూడా రావచ్చు. ఈ రెండూ విడదీయకుండా రాసిన రివ్యూలు చదివితే బుర్ర వేడెక్కుతుంది.

మాడ్రిడ్ పనికి బలం ఎక్కడంటే, వాళ్లు ఒక్క క్రీ మీద ఆధారపడలేదు. ఒకే కణం సంతానాన్ని వెంబడించే క్లోనల్ విశ్లేషణ చేశారు, కణజాలం మార్పిడి చేశారు, మ్యూటెంట్లనూ చూశారు.

సిరవాది
క్లోనల్ విశ్లేషణకు నా నమస్కారం. ఒప్పుకుంటాను. టై2 బొమ్మ ఒక్కటి పెట్టి ఊరేగే వాళ్ల గురించే నా బాధ.

పాత_పటాల_పిచ్చి
ఈ కొట్లాటకు వందేళ్లు దాటింది. 1902లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫ్లోరెన్స్ సేబిన్ పంది పిండాలకు సిరా ఎక్కించి, లింఫ్ తిత్తులు సిరల నుంచి మొలిచి అంచులకు పాకుతాయని చెప్పింది. 1910లో హంటింగ్టన్, మెక్‌క్లూర్ పిల్లి పిండాలు చూసి, కాదు, మీసెంకైమ్‌లో అక్కడికక్కడ పుట్టి తర్వాత సిరలకు కలుస్తాయన్నారు. సేబిన్ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. సిరా ఎక్కించినప్పుడు, అప్పటికే కలిసి ఉన్న గొట్టాలే నిండుతాయి. విడిగా ఉన్న గుంపులోకి సిరా ఎలా పోతుంది? కన్ఫోకల్_కష్టాలు చూసిన గుంపులాంటిది సేబిన్ సూదికి అందే అవకాశమే లేదు.

2007లో మౌస్‌లో జన్యు గుర్తులతో చూసి సేబిన్ గెలిచిందన్నారు. 2015లో చర్మం, పేగు మీసెంటరీ, గుండె మూడింటిలోనూ సిరకు సంబంధం లేని కణాలు బయటపడ్డాయి. మూడు పేపర్లూ ఒకే ఏడాది.

జీబ్రా_జానకి
చేపలో కాలమే వేరు. జీబ్రాఫిష్ లార్వాలో మొండెంలో లింఫ్ నాళాలు అయిదో రోజుకే కనిపిస్తాయి, గుండెలో మాత్రం ఏమీ ఉండదు. అక్కడ వారాలు గడవాలి. కరోనరీ నాళాలు ముందు దిగుతాయి, లింఫ్ వాటి వెనక అవుట్‌ఫ్లో వైపు నుంచి జఠరిక మీదికి వస్తుంది. 2019లో ఈలైఫ్‌లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. వీఈజీఎఫ్-సి (లింఫ్ నాళాలు పెరగమనే సంకేతం), దాని గ్రాహకం చెడితే ఇవి రావు. బతికున్న చేపలోనే కణం కదలిక చూడొచ్చు కదా అని అందరూ అడుగుతారు. ఆ వయసుకి చేప పారదర్శకంగా ఉండదు, రంగులేని కాస్పర్ రకం తీసుకున్నా గుండె మీద కండరం, పొలుసు అడ్డం. గుండె బయటికి తీసే చూడాలి.

నల్లకోటు
మాక్రోఫేజ్‌ల నుంచి లింఫ్ కణాలు వస్తాయేమో అన్న సంగతి ఎవరూ ఎత్తలేదేం? రక్తం పుట్టించే ఎండోథీలియం నుంచి కూడా లింఫ్ కణాలు వస్తాయని ఆక్స్‌ఫర్డ్ వాళ్ల 2015 పేపర్‌లోనే ఉంది కదా, వ్యావ్1-క్రీతో (రక్తకణాలను పట్టే క్రీ). టొమాటో లేని కణాలు అవి కాకూడదా?

క్రీ_లాక్స్_కృష్ణ
వ్యావ్-క్రీ ఎండోథీలియంలో కూడా కొంత కారుతుంది (పనిచేయకూడని చోట పనిచేస్తుంది), అందుకని ఆ లెక్కను జాగ్రత్తగా చూడాలి. ఇంకోటి, రక్తం పుట్టించే ఎండోథీలియం కూడా టై2 ఉన్నదే. అక్కడి నుంచి వస్తే టొమాటో ఉండాలి, లేకుండా పోదు. ఇక మాక్రోఫేజ్‌లు: 2021లో అదే ఆక్స్‌ఫర్డ్ బృందం డెవలప్‌మెంట్‌లో చూపించింది. అవి లింఫ్ కణాలుగా మారవు, పక్కనుండి నాళాల పెరుగుదలను, అమరికను నడిపిస్తాయి. మాక్రోఫేజ్‌లు లేని పిండాల్లో గుండె లింఫ్ వల అస్తవ్యస్తమవుతుంది. నాళపు కొసల్లో హయలురోనన్ అనే చక్కెర పదార్థం ద్వారా పనిచేస్తాయని వాళ్ల మాట.

నల్లకోటు
సరే, ఆ దారి మూసుకుంది.

ఎన్టీ_స్కాన్_అక్క
ఫీటల్ మెడిసిన్ వైపు నుంచి ఒక ప్రశ్న. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, తల నుంచి పిరుదు దాకా పొడవు 45–84 మి.మీ. ఉన్నప్పుడు మెడ వెనక నీరు కొలుస్తాం. 3.5 మి.మీ. దాటితే క్రోమోజోములు మామూలుగా ఉన్నా గుండె లోపాల కోసం ఎకో పంపిస్తాం. మెడ దగ్గర లింఫ్ తిత్తులు ఉబ్బడం, గుండె లోపం రెండూ కలిసి ఎందుకు వస్తాయి? గుండె మీది లింఫ్ నాళాలు రాకపోవడం వల్లా?

పిండం_పెద్దన్న
మేడమ్, గుండె మీది లింఫ్ నాళాలను అందులోకి లాగడం కష్టం. మెడ దగ్గరి తిత్తులు ముందు తయారవుతాయి, గుండె మీది వల తర్వాత వస్తుంది. గుండె గదులు, కవాటాలు, గోడలు విడిపోయే పని దాదాపు అయిపోయాకే ఆ వల విస్తరిస్తుంది. కాబట్టి అది లేక గోడలో రంధ్రం పడిందని చెప్పలేం. రెంటికీ పైన ఒకే కారణం ఉండొచ్చు, ఉదాహరణకు ఎండోథీలియంలో పనిచేసే ఒక జన్యువు చెడడం. ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించే టర్నర్ సిండ్రోమ్‌లో మెడ దగ్గర సిస్టిక్ హైగ్రోమా (లింఫ్ నీటి తిత్తి), బృహద్ధమని ఇరుకు కలిసి కనిపిస్తాయి. ఉబ్బిన లింఫ్ నాళాలు పైకి పోయే బృహద్ధమనిని నొక్కడం వల్లే అలా అవుతుందని 1980లలోనే ఒక ప్రతిపాదన వచ్చింది. అది ప్రతిపాదనగానే ఉంది.

మార్కర్_మాస్టారు
జన్యువుల వైపు నుంచి చూస్తే వీఈజీఎఫ్‌ఆర్3 చెడితే మిల్రాయ్ వ్యాధి, సీసీబీఈ1 చెడితే హెన్నెకామ్ సిండ్రోమ్ (రెండూ లింఫ్ వాపు జబ్బులే), ఫాక్స్‌సీ2 చెడితే కాళ్ల వాపుతో పాటు రెండో వరస కనురెప్ప వెంట్రుకలు. సీసీబీఈ1 పని ఏమిటంటే, ఏడీఏఎంటీఎస్3 అనే కత్తెరను వీఈజీఎఫ్-సి దగ్గరికి చేర్చడం. ఆ కోత పడకపోతే వీఈజీఎఫ్-సి ఉన్నా లేనట్టే. గుండె మీద కూడా అదే దారి. వీఈజీఎఫ్-సి పూర్తిగా లేని మౌస్ పిండాలు నీరు పట్టి ఇ15.5 తర్వాత చనిపోతాయి. ఇంకో మెలిక: అలాంటి పిండాల్లో పెరిట్రంకల్ రక్తనాళాలు కూడా తగ్గుతాయి, కరోనరీ మొదళ్లు ఆలస్యంగా, తప్పు చోట కలుస్తాయి. అందుకని ఆ మ్యూటెంట్ గుండెలో ఏ లోపం కనిపించినా దాన్ని ఒక్క లింఫ్ మీదే నెట్టేయలేం.

ఎన్టీ_స్కాన్_అక్క
అర్థమైంది. మరి లింఫ్ నాళాలు గుండెకు నీరు తోడడం తప్ప ఇంకేమీ చేయవా?

రెండో_క్షేత్రం
చేస్తాయి. 2020లో షికాగో నుంచి గిల్లెర్మో ఆలివర్ బృందం నేచర్‌లో: లింఫ్ కణాలు రీలిన్ అనే ప్రొటీన్ విడుదల చేస్తాయి, అది గుండె కండర కణాలు విభజన చెందడానికి, చనిపోకుండా ఉండడానికి తోడ్పడుతుంది. లింఫ్ నాళాలు లేకుండా చేసిన పిండాల్లో ఇ17.5కి గుండె చిన్నదిగా ఉంది. మెదడు పొరల అమరికలో పేరున్న ప్రొటీన్ అది, గుండెలో ఎవరూ ఊహించలేదు.

సిరవాది
లింఫ్ లేని పిండానికి ఒళ్లంతా నీరు పడుతుంది. అందులో గుండె చిన్నదైతే అది రీలిన్ వల్లో నీటి వల్లో ఎలా చెప్పారు? పైగా ప్రాక్స్1 తీసేస్తే, మాస్టారు పైన చెప్పినట్టు, గుండె కండరంలో కూడా పోతుంది కదా.

రెండో_క్షేత్రం
అందుకే కదా వాళ్లు ప్రాక్స్1ను ఎండోథీలియంలో మాత్రమే, క్రీని కావలసినప్పుడు పనిచేయించే మందు టమాక్సిఫెన్‌తో ఇ13.5 తర్వాత తీసింది. రీలిన్‌ను మాత్రమే తీసేసినప్పుడు కూడా గుండె చిన్నదైంది. నీ రెండు సందేహాలకూ అక్కడే సమాధానం ఉంది. ఎంతసేపూ కాదనడమేనా బాసూ, ఒక్కసారి ఔనను.

సిరవాది
క్లోనల్‌కి ఔనన్నానుగా. నెలకు ఒకటే ఇస్తాను.

కన్ఫోకల్_కష్టాలు
మళ్లీ నా గుంపుల దగ్గరికి రండి. ఐఎస్ఎల్1-క్రీఈఆర్‌టీ2 తెచ్చి టమాక్సిఫెన్‌తో చేద్దామనుకుంటున్నాను. ఎప్పుడివ్వాలి, ఎంత?

క్రీ_లాక్స్_కృష్ణ
ఇచ్చిన కొన్ని గంటలకు పని మొదలై సుమారు ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఇ8.5లో ఇస్తే గుర్తు పడేది 9 నుంచి 10 మధ్య అనుకో. రెండో క్షేత్రం పట్టాలంటే ఆ చుట్టుపక్కలే. ఇంకో తల్లికి 11.5లో ఇవ్వు. మొదటిదాంట్లో ముందువైపు గుర్తు పడి రెండోదాంట్లో పడకపోతే, ఆ కణాలు లింఫ్ అయ్యాక ఐఎస్ఎల్1ను మళ్లీ వెలిగించుకోలేదని తెలుస్తుంది. రెండిట్లోనూ పడితే లినియేజ్ అనే మాట వాడకు.

మోతాదు తల్లి బరువులో కిలోకి 75–100 మి.గ్రా., మొక్కజొన్న నూనెలో, నోటి గొట్టం, అంటే గావేజ్‌తో. నూనెలో కరగడానికి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పాలి, వెలుతురు తగలనీయొద్దు. అడుగున పలుకులు కనిపిస్తే ఆ సీసా వాడొద్దు, ఏ తల్లికి ఎంత వెళ్లిందో తెలీదు. ప్రొజెస్టెరాన్ సగం మోతాదు కలుపు, లేకపోతే గర్భాలు పోతాయి. పుట్టాక చూడాలనుకుంటే ముందే చెబుతున్నా, టమాక్సిఫెన్ పడిన తల్లులు సరిగా ఈనవు. సిజేరియన్ చేసి పిల్లల్ని వేరే తల్లికి అలవాటు చెయ్యాలి.

టమాక్సిఫెన్ ఇవ్వని క్రీ పాజిటివ్ పిల్లలనూ చూడు, కారుతోందో లేదో తెలుస్తుంది.

గాడిద_సీరం
టొమాటోను యాంటీబాడీతో పెంచే ఆలోచన ఉంటే మానుకో. అందుకు ఎక్కువమంది వాడే ఆర్‌ఎఫ్‌పీ యాంటీబాడీ కుందేలుది, కొత్తగా తెచ్చుకునే ప్రాక్స్1 కూడా కుందేలుదే. మళ్లీ మొదటికొస్తాం. టొమాటో సొంత వెలుగే చాలు, గ్లిసరాల్‌లో నిలుస్తుంది. బీఏబీబీ అనే ద్రావకంతో మాత్రం క్లియరింగ్ (కణజాలాన్ని పారదర్శకం చేయడం) వద్దు, నీరు తీసేయగానే వెలుగు పోతుంది. బలహీనంగా వచ్చే వీఈజీఎఫ్‌ఆర్3ని 647 (దూరపు ఎరుపు) చానెల్లో పెట్టు, ప్రాక్స్1ని 488 (ఆకుపచ్చ) చానెల్లో. రక్తకణాల మచ్చలు 488లోనే వస్తాయి కానీ కేంద్రకం ఆకారం చూసి వాటిని పక్కన పెట్టొచ్చు.

లెక్కల_లలిత
లెక్క గురించి రెండు మాటలు. ప్రతి గుండెకూ ముందు, వెనక రెండు స్టాకులూ (పొరలుపొరలుగా తీసిన బొమ్మల కట్టలు) తియ్యి, ఒక వైపే తీసినవాటిని లెక్కలో కలపొద్దు. నాళం పొడవు, కొమ్మల సంఖ్య, విడి గుంపుల సంఖ్య మూడూ విడివిడిగా రాసి, జఠరిక ఉపరితల వైశాల్యంతో భాగించు. మ్యూటెంట్ గుండె చిన్నదైతే పొడవు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి. గుంపు విడిగా ఉందని అనే ముందు ప్రొజెక్షన్ (పొరలన్నీ కలిపిన ఒకే బొమ్మ) కాదు, జెడ్ పొరలు (లోతుకొద్దీ తీసిన బొమ్మలు) ఒక్కొక్కటే చూడు. మీదికి ఎక్కి కిందికి దిగే సన్నని వంతెన ప్రొజెక్షన్‌లో మాయమవుతుంది. జెడ్ పొరల మధ్య దూరం 5 మైక్రాన్లు దాటితే ఆ వంతెన కనపడదు. గణాంకాల్లో ఎన్ అంటే పిండాల సంఖ్య, గుంపుల సంఖ్య కాదు. పిండాలు కూడా కనీసం మూడు వేర్వేరు తల్లులవి కావాలి.

కన్ఫోకల్_కష్టాలు
ఈ గుండెలోనే కరోనరీలు లెక్కపెట్టాను, సిరవాది అన్న అడిగినట్టు. పీకామ్ (ఎండోథీలియం గుర్తు) ఉండి ప్రాక్స్1 లేని కణాల్లో 100కి 96 ఎర్రగా ఉన్నాయి. ముందువైపు గుంపుల్లో 41. వెనకవైపు లింఫ్‌లో 93.

సిరవాది
ఒక్క గుండె. ఇంకో అయిదు చూపించు. కానీ ఈ అంకెలు పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లొచ్చు.

పిండం_పెద్దన్న
వెళ్లేటప్పుడు ఎండోమ్యూసిన్ బొమ్మ కూడా పట్టుకెళ్లు. అది లేకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది.

కొత్తగా_చేరా
నడుమ అడుగుతున్నా. మా దగ్గర ఇ16.5 గుండెలు అజైడ్ (కుళ్లకుండా వేసే రసాయనం) కలిపిన పీబీఎస్‌లో 4 డిగ్రీల దగ్గర ఎనిమిది నెలలుగా ఉన్నాయి. వీఈజీఎఫ్‌ఆర్3 స్టెయిన్ అవుతుందా, పారేయాలా?

కత్తి_కాంతం
పారేయకు. అజైడ్ 0.02 శాతమేగా? నీరు మసకబారకపోతే ఒక్క గుండె తీసి ప్రయత్నించు. పీఎఫ్ఏలో ఎన్నాళ్లున్నాయన్నది అసలు సంగతి. వారం ఉంటే వీఈజీఎఫ్‌ఆర్3 బాగా తగ్గుతుంది, ఎండోమ్యూసిన్ మాత్రం పలకొచ్చు.